బాంబెర్గ్‌లో ఒక్క రోజు: పొగ వాసన బీరు, నది మధ్యలో టౌన్ హాలు

ఈ ఎపిసోడ్‌లో మనం జర్మనీలో బాంబెర్గ్ అనే ఊరికి వెళ్తున్నాం. ప్రాగ్, ఆమ్‌స్టర్‌డామ్, ప్యారిస్ గురించి తెలుగులో బోలెడన్ని వీడియోలు ఉన్నాయి. ఈ ఊరి మీద మాత్రం నాకు పెద్దగా కనపడలేదు. నేనుండేది న్యూరెంబర్గ్‌లో. అక్కణ్ణుంచి బాంబెర్గ్ అరవై కిలోమీటర్ల దూరం, రైల్లో ముప్పావుగంట, అన్ని స్టేషన్లలో ఆగే రైలైతే గంట. అందుకే ఎప్పుడు శనివారం ఖాళీ దొరికినా పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తుంటాను. ఎండలో వెళ్లాను, మంచులో వెళ్లాను, ఒంటరిగా వెళ్లాను, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మను వెంటబెట్టుకుని కూడా వెళ్లాను. కాబట్టి ఇది ఒక ట్రిప్పు కథ కాదు. ఒక్కరోజే ఉంటే ఈ ఊరిని ఎలా చూడాలి, ఏం తినాలి, ఆ బీరు గొడవేంటి, అదంతా చెప్తాను.

ముందే ఒక మాట. పోయిన ఎపిసోడ్ తర్వాత ఒక తమ్ముడు అడిగాడు, "అక్కా, నువ్వు బీరు గురించి ఇంత ఓపెన్‌గా చెప్తున్నావ్, ఇంట్లో ఏమనరా?" అని. మా ఇంట్లో అందరికీ తెలుసు తమ్ముడూ. నేను తాగేది తక్కువ, చదివేది ఎక్కువ. మన తెలుగు రాష్ట్రాల్లో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. జర్మనీలో బీరు, వైనుకు 16 ఏళ్లే. ఇక్కడ మందు తాగేవాళ్లను వింతగా చూడరు, తాగని వాళ్లను కూడా వింతగా చూడరు. "ఆల్కోహోల్‌ఫ్రై" అని అడిగితే మందు లేని బీరు ఇస్తారు, "ఆప్‌ఫెల్‌షోర్లె" అంటే సోడా కలిపిన యాపిల్ జ్యూస్. కాబట్టి తాగనివాళ్లు ఈ ఎపిసోడ్ స్కిప్ చేయనక్కర్లేదు. నిజానికి ఈ ఊరిలో నాకు బాగా ఇష్టమైనవి రెండూ బీరుతో సంబంధం లేనివే.

సరే, టికెట్. మీరు నలుగురైదుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తుంటే బయర్న్ టికెట్ అని ఒకటుంది, ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా బవేరియా రాష్ట్రంలో తిరగొచ్చు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే పనికొస్తుంది, శని ఆదివారాల్లో ఆ షరతు లేదు. కానీ ఇది రీజనల్ రైళ్లకే. వేగంగా వెళ్లే ఐసీఈ ఎక్కితే టీటీఈ వచ్చి ఫైన్ రాస్తాడు, మనవాళ్లు చాలామంది దొరికేది అక్కడే.

బాంబెర్గ్ జనాభా ఎనభై వేల లోపు. మన లెక్కలో ఒక మోస్తరు మున్సిపాలిటీ. అందులో యూనివర్సిటీ ఉంది కాబట్టి కుర్రకారు ఎక్కువ. రోమ్ లాగా ఏడు కొండల మీద కట్టారని గొప్పగా చెప్పుకుంటారు. 1993లో పాత ఊరు మొత్తాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు. ఒక గుడో, ఒక కోటో కాదు, ఊరే. రెండో ప్రపంచ యుద్ధంలో పక్కనున్న న్యూరెంబర్గ్, వూర్ట్స్‌బర్గ్ బాంబులకు నేలమట్టమైతే, బాంబెర్గ్ చాలావరకు తప్పించుకుంది. అందుకే ఇక్కడ మీరు చూసే పాత గోడ నిజంగానే పాత గోడ.

ఊరిని మూడు ముక్కలుగా ఊహించుకోండి. కొండల మీద బిషప్పుల ఊరు, నది పాయల మధ్య లంకలో వ్యాపారస్తుల ఊరు, ఇవతల తోటమాలుల ఊరు. స్టేషన్ ఉండేది ఈ ఇవతలి వైపే. అందరూ స్టేషన్లో దిగి ఫోన్లో మ్యాప్ పెట్టుకుని సూటిగా నది దగ్గరికి పరుగెత్తుతారు. నేను మాత్రం ఇక్కడే ఒక అరగంట ఆగమంటాను. ఎందుకంటే ఊరి మధ్యలో, ఇళ్ల వెనకాల, ఇప్పటికీ కూరగాయల మడులున్నాయి. వీధిలోంచి చూస్తే మామూలు ఇల్లే, పెద్ద గేటు. గేటు తెరిచుంటే లోపల పొడుగ్గా తోట. యునెస్కో వాళ్లు లెక్కలోకి తీసుకున్న వాటిలో ఈ తోటలు కూడా ఉన్నాయి. ఇవి ఉన్నాయని టూరిస్టులకు తెలియదు.

ఈ తోటల్లో పేరున్న పంట ఉల్లిపాయ. బాంబెర్గ్ వాళ్లకు ఒక ముద్దు పేరుంది, "ఉల్లి తొక్కేవాళ్లు" అని. పాతకాలంలో ఉల్లి ఆకుల్ని కాళ్లతో తొక్కి పడగొట్టేవాళ్లు, బలమంతా ఆకుకు పోకుండా గడ్డలోకి దిగుతుందని. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, మన దగ్గరా కొందరు రైతులు కోతకు ముందు ఉల్లి చేలో ఖాళీ డ్రమ్ము దొర్లిస్తారు కదా. సేమ్ లాజిక్. కాళ్లకు బదులు డ్రమ్ము, అంతే తేడా.

ఇప్పుడు ఈ ఊరిని ప్రపంచానికి పరిచయం చేసిన సంగతికొద్దాం. రౌఖ్‌బియర్. రౌఖ్ అంటే పొగ. పొగ వాసన వచ్చే బీరు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇందులో ఏదో పొగ కలుపుతారనుకుంటారు. అలా కాదు.

మీ ఇంట్లో రాగి మాల్ట్ చేసే ఉంటారు. అమ్మ ఏం చేస్తుంది? రాగులు నానబెడుతుంది, గుడ్డలో కట్టి మొలకలు రానిస్తుంది, తర్వాత ఎండబెట్టి, వేయించి, పొడి కొడుతుంది. మొలక వచ్చినప్పుడు గింజ లోపలి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. మొలకను అక్కడే ఆపేసి ఆరబెడితే అదే మాల్ట్. బీరుకు రాగులకు బదులు బార్లీ. అదొక్కటే తేడా. తర్వాత ఆ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం వస్తుంది, దాంట్లో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగిస్తారు, చల్లార్చి ఈస్ట్ వేస్తే పులుస్తుంది. కల్లు పులవడానికి ఇంత గొడవ లేదు. చెట్టు నుంచి వచ్చే రసంలోనే చక్కెర ఉంటుంది, గాల్లో ఈస్ట్ ఉంటుంది, కుండ దించేసరికే పని మొదలైపోతుంది. గింజలో చక్కెర లేదు కాబట్టి బీరు వాళ్లకు మొలక కావాలి.

మరి పొగ ఎక్కడ? ఆరబెట్టడంలో. మనకు ఎండ ఉంది, డాబా మీద పరిస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. జర్మనీలో నవంబర్లో ఎండ ఎక్కడిది? అందుకని కట్టెల మంట మీద ఆరబెట్టేవాళ్లు. పొగ కూడా ఆ గింజల్లోంచే పైకి పోయేది, వాసన అంటుకునేది. అంటే ఒకప్పుడు ఇలాంటి దేశాల్లో మంట మీద ఆరబెట్టిన మాల్టుతో చేసిన ప్రతి బీరుకూ కాస్తో కూస్తో పొగ వాసన ఉండేది. అదొక స్పెషల్ ఏం కాదు, అదే మామూలు. తర్వాత పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే కొలుములు వచ్చాయి, అందరూ మారిపోయారు. బాంబెర్గ్‌లో రెండు బ్రూవరీలు మాత్రం మారలేదు, ష్లెంకర్లా, స్పెట్సియాల్. ఈ రెండూ ఇప్పటికీ సొంతంగా కట్టెల మంట మీద మాల్ట్ ఆరబెట్టుకుంటాయి. ష్లెంకర్లా వాళ్లు వాడేది బీచ్ అనే చెట్టు కట్టె.

రుచి ఎలా ఉంటుందంటే, ఇక్కడివాళ్లు పొగపెట్టిన పంది మాంసంతో పోలుస్తారు. ఆ పోలిక మనలో చాలామందికి అక్కరకు రాదు. మా అమ్మ వాసన చూసి చెప్పిన పోలిక ఇంకా కరెక్టు: "ఇది దాలిలో కాగిన పాల వాసనే." పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు తెలుసు, పిడకల దాలి మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగిన పాలు ఎర్రగా, మీగడ కట్టి, పొగ వాసనతో ఉంటాయి. ఆ వాసన అలవాటున్నవాళ్లకు ప్యాకెట్ పాలు చప్పగా అనిపిస్తాయి. అలవాటు లేనివాళ్లు గ్లాసు పక్కన పెట్టేస్తారు. రౌఖ్‌బియర్ కూడా అచ్చం అంతే. మొదటి గుక్కకే నచ్చేవాళ్లు తక్కువ. నచ్చకపోతే బలవంతంగా తాగాల్సిన పనేం లేదు.

ష్లెంకర్లా 1405 నాటి పత్రాల్లోనే కనపడే ఇల్లు. కొండ కింద, డొమినికానర్ వీధిలో ఉంటుంది. చీకటిగా నల్లబడిన దూలాలు, పొడుగు బల్లలు, చెక్క పీపాలోంచి గ్లాసులో పట్టిన నల్లటి బీరు. ష్లెంకర్లా అన్న పేరు ఒకప్పటి యజమాని చేతులూపుకుంటూ తూలుతూ నడిచే నడకను బట్టి వచ్చిందంటారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. వీళ్లు మామూలు హెల్లెస్, అంటే లేతరంగు బీరు కూడా చేస్తారు. దాంట్లో పొగ మాల్ట్ వేయరు. అయినా పొగ వాసన వస్తుంది. ఎందుకంటే ఈస్టూ అదే, పాత్రలూ అవే. చేపల పులుసు వండిన గిన్నెలో పప్పు వండితే ఏమవుతుందో అదే. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఇదే తాగమంటాను, నల్లదానితో మొదలుపెట్టొద్దు.

స్పెట్సియాల్ 1536 నాటిది, స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కోనిగ్ వీధిలో ఉంటుంది. పొగ తక్కువ, ధర తక్కువ, జనం ఎక్కువగా లోకల్. దానికి ఎదురుగానే ఫెస్లా, 1649 నుంచి ఉంది, అక్కడ మామూలు బీరు. ఈ రెండు గుమ్మాల మధ్య వీధి అంత వెడల్పేం కాదు. ష్లెంకర్లా ముందు ఫొటోల కోసం జనం గుమిగూడితే, నేను మాత్రం స్పెట్సియాల్‌కే ఓటేస్తాను.

ఊళ్లో ఇలాంటి బ్రూవరీలు పది దాకా ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల్లో డజన్లకొద్దీ. ఇక్కడే మన కుర్రాళ్లు చేసే పని నాకు నచ్చదు. ఫోన్లో లిస్టు పెట్టుకుని, ఒక్క రోజులో ఆరు బ్రూవరీలు టిక్ కొట్టాలని బయల్దేరతారు. లెక్క చూద్దాం. ఇక్కడ గ్లాసును సైడ్లా అంటారు, అర లీటరు. రౌఖ్‌బియర్‌లో ఆల్కహాల్ 5 శాతం పైన. అంటే ఒక సైడ్లాలో సుమారు 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మన దగ్గర 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 13. అంటే ఒక్క సైడ్లా రెండు చిన్న పెగ్గులతో సమానం. ఆరు సైడ్లాలంటే పన్నెండు పెగ్గులు! చలికాలం దగ్గరపడ్డాక చేసే బోక్ అనే రకం ఇంకా ఘాటు, ష్లెంకర్లా వాళ్ల ఊర్‌బోక్ 6.5 శాతం, క్రిస్మస్‌కు చేసేది 8 శాతం. "బీరే కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు. ఒక రోజుకు రెండు చోట్లు, మధ్యలో మంచి భోజనం. అంతకు మించితే ఊరు చూసినట్టు కాదు, బాత్రూములు చూసినట్టు.

ఇంకొకటి, దీన్ని సీరియస్‌గా తీసుకోండి. సాయంత్రం స్టేషన్‌కు లేట్ అవుతోందని అద్దె ఈ-స్కూటర్ ఎక్కేస్తారు. జర్మనీలో ఈ-స్కూటర్‌కు కారుకున్న మందు రూలే వర్తిస్తుంది. రక్తంలో 0.5 పెర్‌మిల్ లోపు ఉండాలి. 21 ఏళ్ల లోపు వాళ్లకు, లైసెన్స్ వచ్చి రెండేళ్లు దాటని వాళ్లకు సున్నా. సున్నా అంటే సున్నానే. పట్టుబడితే మొదటిసారికే 500 యూరోల జరిమానా, నెల రోజులు బండి నడపకూడదు. స్టూడెంట్‌కు 500 యూరోలంటే ఒక నెల ఇంటద్దె. నడవండి, ఇరవై నిమిషాలే.

తిండికొద్దాం. ఫ్రాంకోనియా అనే ఈ ప్రాంతం తిండి మాంసం మీద నడుస్తుంది, అదీ ఎక్కువగా పంది మాంసం. షాయ్‌ఫర్లా అని పంది భుజం ముక్క, పైన తోలు కరకరలాడేలా కాలుస్తారు. తినేవాళ్లకు పండగే. ఊరి ప్రత్యేకం స్టఫ్డ్ ఉల్లిపాయ, పెద్ద ఉల్లిపాయ లోపల తొలిచి ఖీమా కూరి, పొగ బీరు సాస్ పోస్తారు. పేరు చూసి గుత్తి ఉల్లిపాయ కూర అనుకుని శాకాహారులు ఆర్డర్ ఇవ్వొద్దు, లోపలున్నది పంది ఖీమా. శాకాహారులకు ఇంకో జాగ్రత్త: క్లోస్ అని బంగాళదుంపతో చేసిన మెత్తటి ఉండ ఉంటుంది, మన సంకటి ముద్దలాగా. అది మంచిదే, కానీ పైన పోసే సాస్ సాధారణంగా మాంసం ఉడికించిన రసమే. బంగాళదుంప సలాడ్‌లోనూ, క్యాబేజీలోనూ స్పెక్ అని సన్నటి పంది కొవ్వు ముక్కలు వేస్తుంటారు. "ఫ్లైష్ వద్దు" అన్నంత మాత్రాన స్పెక్ ఆగదు. "ఓనె ఫ్లైష్, ఓనె స్పెక్" అని రెండూ విడివిడిగా చెప్పండి. ష్వైన్ అంటే పంది, రిండ్ అంటే పశుమాంసం. ఈ రెండు మాటలు తెలిస్తే మెనూ సగం అర్థమైనట్టే. భయం లేకుండా తినగలిగినవి కేసెష్పేట్స్‌లె, అంటే చీజు వేసిన నూడుల్స్ లాంటివి, ఇంకా ఓబాట్స్‌డా అని చీజు, వెన్న, ఉల్లిపాయ, పాప్రికా కారం కలిపి నూరిన పచ్చడి లాంటిది, రొట్టెకు రాసుకుని తింటారు. అది మాత్రం మన నాలుకకు హాయిగా ఉంటుంది.

చేప తినేవాళ్లకు అసలైన శుభవార్త ఇప్పుడు చెప్తాను. ఇక్కడ కార్ప్ చేప తింటారు, అంటే మన బంగారుతీగ. మన బొచ్చె, శీలావతి కూడా ఆ కుటుంబమే. బాంబెర్గ్‌కు దగ్గర్లో ఐష్ అనే నది లోయలో చెరువుల్లో పెంచుతారు, మన కొల్లేరు చుట్టుపక్కల పెంచినట్టు. సగానికి నిలువునా చీల్చి, పిండి పట్టించి, నూనెలో ముంచి వేయిస్తారు. ప్లేటంత ఉంటుంది. తోక, రెక్కలు అప్పడంలాగా కరకరమంటాయి, అవి వదిలేయొద్దు. కాకపోతే సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకానే దొరుకుతుంది, ఎండాకాలంలో ఉండదు. కారం ఉండదు, నిమ్మకాయ ముక్క ఇస్తారు. నేను బ్యాగులో చిన్న డబ్బాలో కారప్పొడి పెట్టుకుని వెళ్తాను, సిగ్గేం లేదు.

బల్ల మీద కూర్చునే పద్ధతి కూడా తెలుసుకోవాలి. ఇక్కడ పాత హోటళ్లలో ఖాళీ బల్ల కోసం చూడకూడదు, ఖాళీ సీటు కోసం చూడాలి. తెలియనివాళ్ల పక్కనే కూర్చోవచ్చు. "ఇస్ట్ హీయర్ ఫ్రై?" అని అడగండి, ఇక్కడ ఖాళీయేనా అని. ఫ్రై అంటే వేపుడు కాదు, ఖాళీ అని. అయితే "ష్టామ్‌టిష్" అని బోర్డున్న బల్ల మీద మాత్రం కూర్చోవద్దు, అది రోజూ వచ్చే పెద్దమనుషుల స్థలం. మన ఊళ్లో రచ్చబండ మీద కొందరికి ఫిక్స్‌డ్ జాగాలుంటాయి చూడండి, అలాగ. డబ్బులు నోట్లుగా ఉంచుకోండి. ఫోన్‌పే చేసి చేసి మనకు జేబులో పర్సు పెట్టుకునే అలవాటే పోయింది, ఇక్కడ పాత చోట్లలో కొన్ని కార్డు కూడా తీసుకోవు. వారానికో రోజు సెలవుంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక చాలా కిచెన్లు మూసేస్తారు. వెళ్లేముందు ఫోన్లో ఒకసారి చూసుకోండి.

కడుపు నిండింది కదా, ఇప్పుడు ఊరు. కూరగాయల సంత దాటి నడిస్తే రెగ్నిట్జ్ నది వస్తుంది. నది మధ్యలో వంతెన మీద ఒక బిల్డింగ్, అదే పాత టౌన్ హాలు. కథేంటంటే, కొండ మీద ఉండే బిషప్పు ఊరివాళ్లకు టౌన్ హాలు కట్టుకోడానికి జానెడు జాగా ఇవ్వనన్నాడట. వీళ్లకు పంతం వచ్చి, నదిలో గుంజలు పాతి, మట్టి పోసి, లంక తయారుచేసి దాని మీద కట్టేశారట. ఇది జనం చెప్పుకునే కథ. కానీ ఆ బిల్డింగ్ ఉన్న చోటు చూస్తే కథలో ఉన్న గొడవ నిజమేననిపిస్తుంది, ఎందుకంటే అది సరిగ్గా బిషప్పు ఊరికీ, వ్యాపారస్తుల ఊరికీ మధ్య హద్దు. ఇప్పుడున్న బిల్డింగ్ పదిహేనో శతాబ్దంలో కట్టింది, గోడల మీద బొమ్మలు 1755లో వేసినవి. ఆ బొమ్మల్లో ఒక బుడ్డోడి కాలు గోడలోంచి నిజంగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, బొమ్మ సగం పెయింటింగ్, సగం శిల్పం. వెతికి పట్టుకోండి, ఎక్కడుందో నేను చెప్పను.

కొండెక్కితే కెథెడ్రల్. నాలుగు బురుజులు. మొదటిది 1012లో చక్రవర్తి రెండో హెన్రీ కట్టించాడు, రెండుసార్లు తగలబడ్డాక ఇప్పుడున్నది 1237లో పూర్తయింది. లోపలికి టికెట్ లేదు. ఇక్కడ ఒక పోప్ సమాధి ఉంది, రెండో క్లెమెంట్. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన ఉన్న పోప్ సమాధి ఇదొక్కటే. గుర్రం మీద రాజు విగ్రహం ఒకటుంది, ఎనిమిది వందల ఏళ్ల నాటిది, ఆ రాజు ఎవరో ఇప్పటికీ పండితులు కొట్టుకుంటున్నారు. నేను మాత్రం మిమ్మల్ని హెన్రీ, ఆయన భార్య కునిగుండె సమాధి దగ్గర ఆగమంటాను. రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 1513లో పూర్తిచేశాడు. పక్కల మీద కథలు చెక్కాడు. ఒకదాంట్లో రాణి ఎర్రగా కాలిన నాగలి కర్రుల మీద నడుస్తుంటుంది. భర్తకు అనుమానం వచ్చింది, తన శీలం నిరూపించుకోడానికి ఆమె వాటి మీద కాళ్లు కాలకుండా నడిచిందని ఐతిహ్యం. నేను ఈ సంగతి చెప్పకముందే మా అమ్మ ఆ బొమ్మ చూసి, "ఇదేంటే, సీతమ్మ అగ్నిపరీక్షలా ఉంది" అంది. ఆ తర్వాత కాసేపాగి, "ఎక్కడికెళ్లినా నడవాల్సింది ఆడదేనా" అని గొణుక్కుంది. ఆ రోజు ఆడియో గైడ్ డబ్బులు మిగిలాయి నాకు.

అమ్మ మాట నాకు గుర్తుండిపోవడానికి ఇంకో కారణముంది. ఈ అందమైన ఊరి చరిత్రలో బీరు పోస్టర్లలో కనపడని ముక్క ఒకటుంది. 1612 నుంచి 1631 మధ్య ఇక్కడ మంత్రగత్తెలు, మంత్రగాళ్లు అనే ముద్ర వేసి సుమారు వెయ్యి మందిని చంపారు. అంత చిన్న రాజ్యంలో వెయ్యి మంది! 1626 మే నెలలో అకాల మంచుకు ద్రాక్ష తోటలు, పైర్లు మాడిపోయాయి. దేశమంతా యుద్ధం. పంట పోవడానికి ఎవరో ఒకరు కారణం కావాలి. అప్పటి పాలకుడు, బిషప్పే రాజు కాబట్టి, 1627లో ప్రత్యేకంగా ఒక జైలు కట్టించాడు. పట్టుకొచ్చినవాళ్లను హింసించేవాళ్లు, ఒప్పుకున్నాక ఇంకెవరెవరున్నారో పేర్లు చెప్పమనేవాళ్లు, ఆ పేర్లవాళ్లను తెచ్చేవాళ్లు. గొలుసు అలా పెరిగింది. చనిపోయినవాళ్ల ఆస్తి కూడా జప్తు అయ్యేది, అది గుర్తుపెట్టుకోండి.

అలా పట్టుబడ్డవాళ్లలో యోహాన్నెస్ యూనియుస్ అనే ఆయన ఈ ఊరి మేయర్. ఆయన భార్యను అంతకుముందే చంపేశారు. 1628 జూలై 24న జైల్లోంచి కూతురు వెరోనికాకు దొంగచాటుగా ఉత్తరం రాశాడు. తాను ఏ తప్పూ చేయలేదని, వేళ్లు నలగ్గొట్టడం వల్ల చేతులు పనిచేయక ఈ ఉత్తరం రాయడానికి రోజులు పట్టిందని, చివరికి హింసించేవాడే జాలిపడి, నిజమో అబద్ధమో ఏదో ఒకటి ఒప్పుకోమని బతిమాలాడని రాశాడు. ఈ కాగితం ఎవరికీ చూపించొద్దు, తెచ్చిచ్చినవాళ్ల తలలు పోతాయన్నాడు. ఆగస్టులో ఆయన్ను చంపేశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ బాంబెర్గ్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఆ జైలు ఇప్పుడు లేదు. చనిపోయినవాళ్ల కోసం గేయర్స్‌వ్యోర్త్ కోట దగ్గర, నది పక్కన ఒక స్మారకం పెట్టారు. టౌన్ హాలు నుంచి రెండు నిమిషాల నడక. టౌన్ హాలు దగ్గర సెల్ఫీలకు క్యూ ఉంటుంది, ఇక్కడ నేను వెళ్లిన ఏ రోజూ నలుగురికి మించి లేరు.

ఇదేదో నాలుగొందల ఏళ్ల కిందటి యూరప్ సంగతి అనుకోకండి. చేతబడి చేశారని, బాణామతి చేశారని అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు, చంపిన వార్తలు మన తెలుగు పేపర్ల జిల్లా పేజీల్లో మీరూ చదివే ఉంటారు. ఒక ఎకరం పొలం తగాదానో, ఇంట్లో జ్వరమో ఉంటుంది వెనకాల. అందుకే యూనియుస్ ఉత్తరం గురించి తెలిశాక నాకిది టూరిస్టు స్పాట్‌లా అనిపించలేదు. మీరు రోజంతా ఉంటే పది నిమిషాలు ఇక్కడ నిలబడండి. బీరు తాగక ముందు నిలబడండి.

కెథెడ్రల్ ఎదురుగా కొత్త ప్యాలెస్ ఉంది. లోపలికి టికెట్, వెనక గులాబీ తోటకు టికెట్ లేదు. టైమ్ తక్కువ ఉంటే ప్యాలెస్ వదిలేసి తోటలోకి వెళ్లండి, ఎర్ర పెంకుటిళ్లన్నీ కింద పరుచుకుని కనిపిస్తాయి. ఇంకా పైన మిఖాయెల్స్‌బెర్గ్ కొండ మీద పాత మఠం ఉంది, అందులోనే సన్యాసులు నడిపిన బ్రూవరీ ఉండేది, ఇప్పుడు బ్రూవరీ మ్యూజియం. పక్కన చర్చిని ఏళ్ల తరబడి మరమ్మతుల కోసం మూశారు, తెరిచారో లేదో చూసుకుని ఎక్కండి, ఎక్కుడు కాస్త గట్టిదే.

చివరగా కెల్లర్. అంటే నేలమాళిగ. కానీ ఇక్కడివాళ్లు "కెల్లర్‌లోకి" వెళ్తామనరు, "కెల్లర్ మీదికి" వెళ్తామంటారు. ఎందుకంటే, ఫ్రిజ్‌లు లేని రోజుల్లో బీరు చల్లగా ఉంచడానికి కొండల్ని తొలిచి గుహలు చేశారు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన ఐసు కోసి లోపల పేర్చేవాళ్లు. ఎండ తగలకుండా పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు, వాటి ఆకు వెడల్పు, నీడ దట్టం. చెట్ల కింద చల్లగా ఉంది, కింద బీరుంది, ఇంకేం, బల్లలు వేసేశారు. స్టెఫాన్స్‌బెర్గ్ కొండ మీది స్పెట్సియాల్ కెల్లర్‌లో కూర్చుంటే కెథెడ్రల్ నాలుగు బురుజులూ ఎదురుగా కనపడతాయి. చిన్నపిల్లలు ఆడుకుంటుంటారు, ముసలివాళ్లు పేకాడుతుంటారు. మన బార్ల మాదిరి చీకటి, గొడవ ఉండదు. ఇది చూశాకే మా అమ్మ బీరు షాపు అనే మాట మానేసింది.

స్టూడెంట్లకు ఇందులో మంచి విషయం ఒకటుంది. బవేరియాలో సంప్రదాయ బీరు తోటల్లో తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. తాగేది మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. కెల్లర్లలో కూడా చాలాచోట్ల ఇదే పద్ధతి, కొన్నిచోట్ల ఒప్పుకోరు, కూర్చునే ముందు అడగండి. ఇక్కడివాళ్లు బుట్టలో రొట్టె, ముల్లంగి, చీజు తెచ్చుకుని గుడ్డ పరిచి మరీ తింటారు. మేం పులిహోర, ఆవడలు పట్టుకెళ్లాం ఒకసారి. పక్క బల్ల మీది పెద్దాయన చాలాసేపు చూసి చూసి, ఆ పసుప్పచ్చ అన్నం ఏంటని అడిగాడు. పెట్టాం. మిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే నమిలేశాడు. ఆయన ఒక సైడ్లా మొత్తం గటగటా తాగేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు.

కెల్లర్లు ఎండాకాలంలోనే, వాన పడితే తెరవరు. ఆగస్టులో వెళ్తే సాండ్‌కెర్వా అని ఊరి జాతర ఉంటుంది, నదిలో పడవల మీద నిలబడి కర్రలతో ఒకర్నొకరు నీళ్లలోకి తోసుకునే పోటీ చూడొచ్చు. అయితే ఆ రోజుల్లో ఊరు కిక్కిరిసి ఉంటుంది, ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు ఆ వారం వదిలేయండి. తిరుగు రైలు టైమ్ మాత్రం కొండెక్కే ముందే చూసి పెట్టుకోండి. స్పెట్సియాల్ కెల్లర్ నుంచి స్టేషన్‌కు నడక అరగంట పైనే, అదీ సగం దిగుడు.